కరెంటు పోయిన ఇంట్లోంచి ట్రాంబోన్ పండగకి: నా అనుభవం

2024 మే 28, మంగళవారం. పొద్దున్న ఆరు దాటిందో లేదో డాలస్ మీద గాలివాన విరుచుకుపడింది. ప్లానోలో మా ఇంట్లో కరెంటు పోయింది. పక్కింటివాళ్ళ కంచె వచ్చి మా పెరట్లో పడింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపి ఆరు లక్షలకు పైగా ఇళ్ళకీ కొట్లకీ కరెంటు లేదని తర్వాత తెలిసింది. సాయంత్రానికి ఇల్లు కుంపటి అయింది. ఒంగోలు నుంచి వచ్చి రెండు నెలలైన మా నాన్నగారు చొక్కా విప్పేసి, అట్టముక్కతో విసురుకుంటూ, "అమెరికా అమెరికా అని పిలిచావు గదమ్మా, ఇక్కడా ఇదే బాగోతం" అన్నారు.

మర్నాటి నుంచి ఫోర్ట్‌వర్త్‌లో ఇంటర్నేషనల్ ట్రాంబోన్ ఫెస్టివల్. ట్రాంబోన్ అంటే గొట్టం జరుపుతూ ఊదే పెద్ద ఇత్తడి బాకా. మే 29 నుంచి జూన్ 1 దాకా నాలుగు రోజులు, టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీలో. నేనూ మావాడూ ఏప్రిల్‌లోనే పేర్లు రాయించుకున్నాం. నాన్నగారు ఆ లెక్కలో లేరు. "అక్కడ ఏసీ ఉంటుందా?" అని ఒక్క మాట అడిగారు. ఉంటుందన్నాను. అంతే, ముగ్గురం అయ్యాం.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఇక్కడి తెలుగువాళ్ళలో స్పెల్లింగ్ బీ గురించో రోబోటిక్స్ గురించో అడిగితే పదిమంది చెప్తారు. మావాడికి ట్రాంబోన్ కొనాలి, ఎలా అని అడిగితే మా వాట్సాప్ గ్రూపులో ఒకావిడ "అది పెద్ద సన్నాయా?" అని అడిగింది, ఇంకొకాయన నవ్వు బొమ్మ పెట్టాడు. అక్కడితో ఆ చర్చ అయిపోయింది.

మావాడు ఐదో తరగతి చివర్లో ఉన్నప్పుడు బళ్ళో వాయిద్యాల ఎంపిక పెట్టారు. ఒక్కొక్క మౌత్‌పీస్ నోటికిచ్చి ఊదించి, పెదాలు చూసి, చేతులు చూసి, వీడికి ట్రాంబోన్ అన్నారు. వాడికి డ్రమ్ముల మీద మనసు. రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు. అప్పట్నుంచి మూడేళ్ళు నెలకి ఇంతని అద్దె కట్టి వాయిస్తున్నాడు. ఇప్పుడు ఎనిమిదో తరగతి అయింది, ఆగస్టు నుంచి హైస్కూల్ బ్యాండు. వాళ్ళ బ్యాండ్ టీచర్ ఏప్రిల్‌లో కాగితం పంపారు: ట్రిగ్గర్ ఉన్న ట్రాంబోన్ అయితే మంచిది, మౌత్‌పీస్ సైజు నంబరు ఆరున్నర ఏఎల్.

ట్రిగ్గర్ అంటే ఏంటో నాకు పండగకి వెళ్ళేదాకా సరిగ్గా తెలియదు. మామూలు ట్రాంబోన్‌కి స్వరం మార్చే మీటలుండవు, ముందుకీ వెనక్కీ జరిగే గొట్టం ఒక్కటే, దాన్నే స్లైడు అంటారు. దాని మీద ఏడు చోట్లు, వాళ్ళు పొజిషన్లంటారు. ఆరు, ఏడు పొజిషన్లకి చెయ్యి బారెడు చాచాలి. పన్నెండేళ్ళప్పుడు మావాడికి ఏడోది అందేదే కాదు, భుజం తిప్పి అందుకునేవాడు. ట్రిగ్గర్ ఉంటే ఎడమ బొటనవేలితో ఒక మీట నొక్కగానే వెనకున్న ఇంకో గొట్టం చుట్టలోంచి కూడా గాలి పోతుంది, స్థాయి, ఉన్న స్వరాన్నీ కలిపి లెక్కేస్తే, కిందికి నాలుగో స్వరానికి దిగుతుంది. ఆరో పొజిషన్‌లో పలికే సి స్వరం మొదటి పొజిషన్‌లోనే, చెయ్యి చాచకుండా పలుకుతుంది. వేగంగా వాయించేటప్పుడు చాలా కలిసొస్తుంది.

బుధవారం ఏడున్నరకి బయల్దేరాం. యాభై మైళ్ళు. గంటలో చేరాల్సింది గంటా నలభై పట్టింది. మా వైపు సిగ్నల్ లైట్లు సగం చచ్చిపడున్నాయి, ప్రతి కూడలిలో నాలుగు వైపులవాళ్ళూ ఆగి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని కదలాలి. డిక్కీలో ట్రాంబోన్ పెట్టె, దాని పక్కన పులిహోర డబ్బా. ఇడ్లీ పిండి కరెంటు లేని ఫ్రిజ్‌లో పొంగి కింది అరలోకి కారిపోయింది గానీ గ్యాస్ పొయ్యి అగ్గిపుల్లకి వెలిగింది.

దారి పొడవునా నాన్నగారు షేక్ చినమౌలానా గారి గురించే చెప్పారు. ఆయన పుట్టి సరిగ్గా 2024 మే 12కి వందేళ్ళు. మా ఒంగోలు పక్కనే కరవదిలో పుట్టి, తర్వాత శ్రీరంగం వెళ్ళి స్థిరపడ్డ నాదస్వర విద్వాంసుడు. నాన్నగారు కుర్రతనంలో గుడి ఉత్సవాల్లో ఆయన్ని విన్నారట. "వందేళ్ళ పండగ నాడు ఊళ్ళో లేకుండా ఇక్కడ కూర్చున్నా" అని మూడోసారి అనేసరికి మావాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

బ్యాడ్జీల దగ్గర లైను, ఇరవై నిమిషాలు. నాన్నగారికి అప్పటికప్పుడు ఆ రోజుకి పాస్ తీసుకున్నాను. బల్ల దగ్గరి అమ్మాయి ఆయన్ని, "మీరేం వాయిస్తారు, టెనారా, బాసా?" అని అడిగింది. అవి ట్రాంబోన్లలో రకాలు. నేను తర్జుమా చేసేలోపే ఆయన "ఓన్లీ లిజనింగ్" అనేశారు. ఆ అమ్మాయికి ఆ జవాబు తెగ నచ్చింది. పక్కనున్న ఇద్దరికి కూడా చెప్పింది.

తర్వాత వాయిద్యాల ప్రదర్శన. ఎవరైనా వెళ్తే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాలు తీసుకెళ్ళండి. మంచి ముహూర్తం రోజున ఒకే బజార్లో నాలుగు పెళ్ళి ఊరేగింపులు ఎదురుపడితే ఎలా ఉంటుందో ఆ హాలు అలా ఉంది. బల్లల మీద వరసగా ట్రాంబోన్లు. ఎవరికి నచ్చింది వాళ్ళు ఎత్తి ఊదడమే, అడిగేవాడు లేడు. అందరూ వాయించేదీ ఆరేడు ముక్కలే, ఆర్కెస్ట్రా ఉద్యోగాల పరీక్షల్లో అడిగేవట. రావెల్ రాసిన 'బొలెరో'లో ట్రాంబోన్ ముక్క ఆ పూటకి ఎన్నిసార్లు విన్నానో. పై స్థాయిలో మొదలవుతుంది, అక్కడే సగం మంది జారిపడుతున్నారు. పడి, దగ్గి, అసలు వాయించబోయింది అది కాదన్నట్టు ఇంకేదో మొదలెడుతున్నారు.

నాన్నగారు మొదటి అయిదు నిమిషాలు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. చప్పుడుకి కాదు. ఒక కుర్రాడు ఊది పెట్టిన దాన్ని వెంటనే ఇంకొకడు ఎత్తి నోట పెట్టుకోవడం చూశారు. "ఎంగిలి కదమ్మాయ్!" అన్నారు. మౌత్‌పీస్ ఎవరిది వాళ్ళే తెచ్చుకుంటారు నాన్నా అని చెప్పాను. "మరి లోపలి తడి?" నిజానికి దానికి నా దగ్గర జవాబు లేదు. స్లైడు కింద ఒక చిన్న మీట ఉంటుంది, దాన్ని నొక్కి ఊదితే లోపల చేరిన నీళ్ళు బయటికి పోతాయి. అది ఎంగిలి కాదు, ఊపిరిలోని ఆవిరి చల్లబడి నీరవుతుందని మావాడు సైన్సు చెప్పాడు. బల్లల కింద కుక్కపిల్లలకి పరిచే మెత్తటి గుడ్డలు పరిచి ఉన్నాయి, అందరూ వాటిమీదే వదులుతున్నారు. నాన్నగారు ఆ గుడ్డలన్నీ దాటుకుంటూ, పంచె కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకుని, తడిసిన వీధిలో నడిచినట్టు నడిచారు.

అక్కడే నేను మొదటి తప్పు చేశాను. గుమ్మానికి దగ్గరున్న బల్ల మీద మౌత్‌పీసులు కనబడితే టీచర్ రాసిన నంబరు చూపించి ఒకటి కొనేశాను, 62 డాలర్లు. అమ్మేవాడు "చిన్న షాంకా, పెద్ద షాంకా?" అని అడిగాడు. నేను మావాడి వైపు చూశాను. వాడు "ఇప్పుడున్న లాంటిదే" అన్నాడు. సరే, చిన్నది. మావాడు అక్కడే ముచ్చటపడి తన ట్రాంబోన్‌కి పెట్టి నాలుగు స్వరాలు ఊదాడు కూడా.

పది నిమిషాల తర్వాత రెండో బల్ల దగ్గర ట్రిగ్గర్ ఉన్నది ఎత్తాడు. మౌత్‌పీస్ పెట్టగానే అది లోపలికి దిగిపోయి గలగలా ఊగింది, పెద్ద సీసాకి చిన్న బిరడా పెట్టినట్టు. షాంక్ అంటే మౌత్‌పీస్ తోక. పిల్లల ట్రాంబోన్లలో గొట్టం లోపలి వ్యాసం సుమారు పన్నెండున్నర మిల్లీమీటర్లు, పెద్దవాళ్ళ వాటిలో దాదాపు పద్నాలుగు. వీటికి తోక లావుగా ఉండాలి. నంబరు ఒకటే, తోకలు రెండు రకాలు. టీచర్ కాగితంలో అది లేదు, ఆయనకి అది చెప్పక్కర్లేని విషయం అనిపించి ఉంటుంది.

వెనక్కి వెళ్ళి మార్చమంటే అమ్మేవాడు మర్యాదగానే చెప్పాడు, ఒకసారి నోట పెట్టింది వెనక్కి తీసుకోరట. ఇది తర్జుమా చేసి చెప్పాక నాన్నగారు హాలంతా ఒకసారి కలయజూసి, "వాయిద్యాలకి లేని మడి దీనికొక్కదానికే వచ్చిందా?" అన్నారు.

రెండో బల్లాయన మంచివాడు. డెబ్భై ఏళ్ళుంటాయి, చేతులకి పాలిష్ మరకలు. పెద్ద షాంక్ మౌత్‌పీస్ ఒకటి తీసి, మందు చల్లి, తుడిచి ఇచ్చాడు. మావాడు తాతయ్య వైపు చూశాడు. తాతయ్య తల అడ్డంగా ఊపారు. పద్నాలుగేళ్ళ పిల్లాడు, ఎదురుగా నాలుగు వేల డాలర్ల వాయిద్యం, వెనక తాతయ్య మడి. వాడు "నో థాంక్స్, శుక్రవారం వస్తాను" అన్నాడు. నాకు కోపం రాలేదు గానీ యాభై మైళ్ళూ గంటా నలభై నిమిషాలూ గుర్తొచ్చాయి.

ఊదకపోయినా ఆ బల్ల దగ్గర అరగంట నిలబడ్డాం. నాన్నగారు గోటితో ట్రాంబోన్ల మూతులు, అంటే గరాటులా విచ్చుకున్న కొసలు, మీటి చూడడం మొదలెట్టారు. నా గుండె ఆగింది. ఆ పెద్దాయన మాత్రం ఇంకోటి ముందుకు జరిపి, దీన్ని కూడా చూడండి అన్నాడు. మొదటిది పచ్చగా ఉంది, రెండోది కొంచెం ఎర్రగా. "ఇందులో రాగిపాలు ఎక్కువ" అన్నారు నాన్నగారు తెలుగులోనే. నేను చెప్పాను. నిజమే, పచ్చ దాంట్లో రాగి 70 శాతం, ఎర్ర దాంట్లో 85. మా ఇంట్లో బిందెలు కొన్నా, గంగాళాలు మార్చినా అన్నీ నాన్నగారి చేతి మీదే. ఆ విద్య ఫోర్ట్‌వర్త్‌లో పనికొస్తుందని ఆయనా అనుకోలేదు.

మధ్యాహ్నం యూనివర్సిటీ వాళ్ళ కొమ్ముల కప్ప బొమ్మ దగ్గర బెంచీ మీద పులిహోర తిన్నాం. పేరుకే కప్ప, చూస్తే తొండ. వాళ్ళ ఫుట్‌బాల్ టీమ్ పేరు కూడా అదే.

కచేరీ వాన్ క్లైబర్న్ హాల్లో. 2022లో తెరిచిన కొత్త హాలు, ఆ ఏడాది పేరున్న పియానో పోటీలో తొలి రౌండ్లు ఇక్కడే జరిగాయి. కొరియా కుర్రాడు యిమ్ యున్‌చాన్ 18 ఏళ్ళకే గెలిచింది ఆ పోటీలోనే. చలి మాత్రం ఎముకలు కొరికింది. ఏసీ కోసం వచ్చిన మనిషి అరగంటలో నా చున్నీ అడిగి తలకి చుట్టుకున్నారు. టెక్సస్‌లో ఎండాకాలం ఎక్కడికెళ్ళినా శాలువా పట్టుకెళ్ళాలని పదేళ్ళుగా ఉన్న నాకే గుర్తులేదు.

ఒక ట్రాంబోన్, ఒక పియానో. వేదిక మీది మనిషి నెమ్మదిగా సాగే భాగంలో ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి గొట్టాన్ని తేలిగ్గా జరుపుతూ వెళ్ళాడు. నాన్నగారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "జారు!" అన్నారు. మన గమకాల్లో జారు అన్నమాట. అప్పటిదాకా ఆయన తొడ మీద చప్పుడు కాకుండా తాళం వేసుకుంటూ లెక్క కుదరక విసుక్కుంటున్నారు. ఆ జారు విన్నాక తాళం మానేశారు. ఆ భాగం ముగియగానే, హాలంతా నిశ్శబ్దంగా ఉండగా, "శభాష్!" అన్నారు. గట్టిగానే.

ఆ కచేరీల్లో మొత్తం రచన పూర్తయ్యేదాకా చప్పట్లు కూడా కొట్టరు. మావాడు సీట్లోకి సగం కుంగిపోయాడు. ముందు వరసలో ఒక ముసలాయన వెనక్కి తిరిగి, నాన్నగార్ని చూసి, తల పంకించి మళ్ళీ ముందుకి తిరిగాడు. విసుక్కున్నాడో మెచ్చుకున్నాడో ఇప్పటికీ తెలియదు.

రాత్రి ఇల్లు చేరేసరికి పది. పదకొండుంబావుకి కరెంటొచ్చింది. గురువారం పండగకి వెళ్ళలేదు, ఫ్రిజ్ కడిగాను.

శుక్రవారం నాన్నగారు అందరికన్నా ముందు తయారై, ఉతికిన పంచె కట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడు ఏసీ ఇంట్లోనే ఉంది కదా నాన్నా అంటే, "ఇంకోసారి విందాం" అన్నారు. ఇంకో రోజు పాస్.

ముందుగా పెద్ద షాంక్ మౌత్‌పీస్ కొన్నాను. ఇంకో 62 డాలర్లు. పెట్టెలోంచి తీసింది తీసినట్టు తాతయ్య చేతుల మీదుగా మనవడికి అందింది.

ఆ పెద్దాయన బల్ల దగ్గర మావాడికి నచ్చినదాన్ని వేరేవాళ్ళు పట్టుకున్నారు. పాతికేళ్ళ కుర్రాడు, దించడు. పాతిక నిమిషాలు నిలబడ్డాం. మావాడి సంగతి నాకు తెలుసు, పిజ్జా పది నిమిషాలు ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తాడు. అలాంటివాడు చేతులు కట్టుకుని, ఆ కుర్రాడి స్లైడు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఒకసారి కూడా నా వైపు తిరగలేదు.

వాడి వంతు వచ్చింది. స్లైడుకి చిన్న తాళం లాంటిది ఉంటుంది, అది తిప్పి ఉందో లేదో చూడకుండా ఎత్తాడు. బయటి గొట్టం సర్రున కిందికి జారింది. పెద్దాయన అరచెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. నేలకి తగిలి ఉంటే సొట్ట, సొట్ట పడితే స్లైడు పట్టేస్తుంది, బాగుచేయించడానికి వందల డాలర్లు. ఆయన నవ్వుతూనే ఉన్నాడు, నాకే చెమట పట్టింది. ఎవరి వాయిద్యం ముట్టుకున్నా ముందు ఆ తాళం చూడమని పిల్లలకి చెప్పండి.

హాల్లో ఏదీ సరిగ్గా వినబడదు కాబట్టి మూడింటిని నడవాలోకి తీసుకెళ్ళి వాయించుకోమన్నాడు. హామీ ఏమీ అడగలేదు, తనే ఒకటి మోసుకొచ్చాడు. నాన్నగారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఏది ఏదో చూడకుండా చెప్తారట. మావాడు మూడింటి మీదా ఒకే స్కేలు వాయించాడు. వాడికది బి ఫ్లాట్ మేజర్, తాతయ్యకి శంకరాభరణం. "రెండోది" అన్నారు. తిరిగి చూశారు. 4,600 డాలర్లది. మనసులోనే 83తో హెచ్చవేసుకున్నట్టున్నారు, పెదాలు కదిలాయి. "మూడు లక్షల ఎనభై వేలు" అన్నారు మెల్లగా.

అనుమానం తీరక మళ్ళీ గోడ వైపు తిరిగారు. ఈసారి మావాడు వరస మార్చి వాయించాడు. "మొదటిది. ఇందాకటిదే కదూ?" కాదు. అది 2,900ది. మూడోసారి పెట్టమన్నారు, మూడోసారి ఇంకోటి చెప్పారు. పెద్దాయన గోడకి ఆనుకుని నవ్వాడు. తను నలభై ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాడట, కళ్ళు మూసుకుంటే తనకీ అంతేనట. తేడా వినేవాడికన్నా వాయించేవాడికి ముందు తెలుస్తుంది, అబ్బాయిని అడగండన్నాడు. మావాడు ఏదీ తేల్చలేదు. "ఇది ఊదితే ఎక్కువ గాలి అడుగుతోంది, అది తక్కువ అడుగుతోంది" అన్నాడు. అది మంచో చెడో వాడికీ తెలియదు.

ఇవాళ కొనకండి, అన్నాడు ఆ పెద్దాయనే. పండగ హడావిడిలో కొన్నవి నెలకి అటకెక్కుతాయట. ఇంటి దగ్గర దుకాణంలో వారం రోజులు వాడి చూడడానికిస్తారు, మీ గదిలో, మీ గోడల మధ్య వాయించి చూడండన్నాడు. అమ్ముకునేవాడి నోటి వెంట ఆ మాట వింటానని నేననుకోలేదు.

పక్క బల్ల మీద మ్యూట్లు. ట్రాంబోన్ మూతికి అడ్డంపెట్టి గొంతు మార్చే బిరడాలు. రాగివి, అల్యూమినియంవి, ఫైబర్‌వి. వాటి పక్కనే కర్ర లేని రబ్బరు ప్లంజరు. బాత్రూంలో వాడేదే. "ఇదేంటమ్మాయ్, ఇక్కడ పెట్టారు?" అన్నారు నాన్నగారు. జాజ్‌వాళ్ళు దాన్ని మూతి ముందు పెట్టి తెరుస్తూ మూస్తూ 'వావా' అనిపిస్తారని మావాడు చెప్పాడు. ఆయన నమ్మలేదు.

రాత్రి జాజ్ కచేరీలో కళ్ళారా చూశారు. వాయించేవాడు ఒక చేత్తో ప్లంజరు తిప్పుతుంటే ట్రాంబోన్ అచ్చం తగువాడే మనిషిలా మాట్లాడింది. ఒకరి వంతు కాగానే జనం మధ్యలోనే చప్పట్లు, ఈలలు, కేకలు. నాన్నగారు నా వైపు తిరిగి, "ఇదీ మన కచేరీలాంటిది! మొన్నటి వాళ్ళకేమైంది?" అన్నారు. ఆ రాత్రి ఆయన ఎన్నిసార్లు శభాష్ అన్నారో లెక్కలేదు, ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. మావాడు కూడా కుంగలేదు. ఒకసారి తాతయ్య కంటే ముందు వాడే అరిచాడు.

ఆ మధ్యాహ్నమే ఒక మాస్టర్‌క్లాసులో కూడా కూర్చున్నాం. నేర్పే ఆయన ఒక కాలేజీ అమ్మాయిని మధ్యలో ఆపి, వాయిద్యం కింద పెట్టి అదే ముక్క పాడమన్నాడు. ఆ అమ్మాయి సిగ్గుపడుతూ పాడింది. తర్వాత వాయిస్తే ముందుకన్నా బాగుంది, నాకే తెలిసింది. నాన్నగారికి ఇందులో వింతేం లేదు. "పాడకుండా వాయిద్యం ముట్టుకోనిస్తారా ఎక్కడైనా?" అన్నారు.

శనివారం ట్రాంబోన్ క్వయర్ విందామని వెళ్ళాం. పదీ పదిహేను మంది కలిసి వాయిస్తారు, ట్రాంబోన్లు తప్ప ఇంకేమీ ఉండవు. మధ్యలో చిన్న ఆల్టో, చివర్లో బాస్ ట్రాంబోన్లు. చెవులు పగులుతాయనుకుంటే అందరూ కలిసి అతి మెల్లగా మొదలుపెట్టారు. కుర్చీ చేతి మీద పెట్టిన నా వేళ్ళకి ముందు తెలిసింది, చెవికి తర్వాత తెలిసింది. అదెలా చెప్పాలో నాకు రావట్లేదు. వీడు మూడేళ్ళుగా గరాజ్‌లో బుసబుసలాడిస్తున్నది ఈ వస్తువేనా అనిపించింది.

బయటికొచ్చాక ప్రదర్శన హాల్లో సర్దుళ్ళు మొదలయ్యాయి. ఆఖరి రోజు ధర తగ్గిస్తారని చాలామంది అంటారు, నిజమే. తిరిగి మోసుకుపోవడం వాళ్ళకీ బరువే. 2,900ది 2,600కి ఇస్తానని ఇంకో బల్లతను అన్నాడు. నా చెయ్యి పర్సు దాకా వెళ్ళింది. మావాడు ఏమీ అనలేదు, బూటు కొనతో నేలని గీకుతూ నిలబడ్డాడు. నాన్నగారు కూడా ఏమీ అనలేదు. ఇద్దరూ అలా ఊరుకోవడమే నాకు కష్టమైంది. కొనను అన్నాను. పెద్దాయన చెప్పింది రైటో తప్పో గానీ, ఆయన మాట విన్న తర్వాత కొంటే ఇంటికెళ్ళి నిద్రపట్టదు.

కార్లో ఇరవై మైళ్ళు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మావాడు, "ఏదైనా ఇంట్లో వాయించి చూస్తే తెలుస్తుందిలే అమ్మా" అన్నాడు. నన్ను ఓదారుస్తున్నాడని అర్థమయ్యేసరికి మా ఎగ్జిట్ దాటిపోయింది.

ఖర్చు: మూడు రోజులకి పెట్రోలు 36 డాలర్లు, టోల్ 40 దాకా, మౌత్‌పీసులు రెండు 124 (ఒకటి దండగ), స్లైడు నూనె, గొట్టం లోపల తోమే బ్రష్ కలిపి 21, కాఫీలు, ఒక పిజ్జా కలిపి 47. పాసులు వేరే. నాన్నగారి రెండు పాసులూ మొదటి లెక్కలో లేనివి, మూడోది శనివారం ఆయనే తన డబ్బుతో తీసుకున్నారు.

జూన్ 8న మా ఊరి దుకాణానికి వెళ్ళాం. ట్రయల్‌కి మా ముందు ఇద్దరున్నారు, హైస్కూల్లోకి వెళ్ళే పిల్లలందరికీ ఇదే సీజనట. నాలుగు రోజులు ఆగి 12న ట్రిగ్గర్ ఉన్న సెకండ్‌హ్యాండ్ ట్రాంబోన్ ఒకటి తెచ్చుకున్నాం, 1,850 డాలర్లు. 19లోపు వెనక్కివ్వాలి, లేదా డబ్బు కట్టాలి. పైనున్న మెరుపు పూత కొన్నిచోట్ల రాలిపోయింది, మూతి అంచున చిన్న సొట్ట. మావాడు గోడ వైపు ఊదుతాడు, మెట్ల కింద ఊదుతాడు, తలుపు వేసి ఊదుతాడు, తీసి ఊదుతాడు. రోజుకో మాట చెప్తున్నాడు.

నాన్నగారు రోజూ సాయంత్రం కాఫీ గ్లాసు పట్టుకుని గరాజ్‌లో కుర్చీ వేసుకుంటున్నారు. వాడి చేత స నుంచి మ దాకా గొట్టం జరుపుతూ జారు వేయిస్తున్నారు. వాడు జరపడమైతే జరుపుతాడు గానీ మధ్యలో ఎక్కడో తొందరపడతాడు. "ఆగు, అక్కడ ఆగి వెళ్ళు" అంటారు ఈయన. ఆగితే జారు ఎలా అవుతుంది తాతయ్యా అని వాడు. రోజూ ఇదే వాదన.

నిన్న వాడు ఇంటి సామాన్ల దుకాణం నుంచి ఒక ప్లంజరు కొనుక్కొచ్చి, కర్ర ఊడదీసి, రబ్బరు మీద మార్కర్‌తో తన పేరు రాసుకున్నాడు. నాన్నగారు దాన్ని కళ్ళజోడు సర్దుకుని చూశారు. కొత్తదేనా అని అడిగారు. కొత్తదే తాతయ్యా అన్నాడు. వాడు బిల్లు చూపించేదాకా ఆయన కుర్చీలో కూర్చోలేదు.